బోల్టు బిగింపునకు అంకె చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

మోటారు సైకిల్ ఇంజిన్ ఆయిల్ ఇంట్లోనే మార్చుకోవడం ఎలాగో గత నెల మీ ఆదివారం సంచికలో రాశారు. బొమ్మలతో సహా వివరంగా ఉంది. అయితే అందులో ఒక్క వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. ‘డ్రెయిన్ బోల్టును గట్టిగా బిగించాలి. వీలైతే టార్క్ రెంచి వాడండి’ అన్నారు. పాత ఆయిల్ దించడానికి ఇంజిన్ అడుగున ఉండే బోల్టు అది. గట్టిగా అంటే ఎంత? టార్క్ రెంచి, అంటే తిప్పే బలాన్ని కొలిచే రెంచి, అందులో ఏ రకం? ఈ రెండూ చెప్పకపోవడం వల్ల మా ఇంట్లో ఏం జరిగిందో రాస్తున్నాను. దయచేసి ప్రచురించండి.

నేను రాయనపాడు రైల్వే వ్యాగన్ వర్క్‌షాపులో 31 ఏళ్లు ఫిట్టరుగా పనిచేసి రిటైరయ్యాను. వ్యాగన్ ఇరుసు చివర బేరింగు మూతకు మూడు బోల్టులుంటాయి. ఎంత అనుభవజ్ఞుడైనా వాటిని చేతి అంచనాతో వదలకూడదు. టార్క్ రెంచితో కొలిచి బిగించాకే బోల్టు వదులు కాకుండా లాకింగ్ ప్లేటు రేకు మడతపెట్టేవాళ్లం. నా చెయ్యి ఆ అలవాటులో పెరిగింది.

మా మనవడు ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాడు. మీ వ్యాసం చదివి ఉత్సాహంగా టార్క్ రెంచి తెప్పించుకున్నాడు. అర అంగుళం రకం, అంటే బోల్టు పట్టే గిన్నె తగిలించే చదరపు ముక్కు అర అంగుళం. మూరెడు పైన పొడవు, మంచి బరువు, పెట్టె కూడా ఘనంగా ఉంది. దాని మీద 40 నుంచి 210 న్యూటన్ మీటర్ల వరకు గీతలున్నాయి. తిప్పే బలానికి కొలత అది. వాడి బండి డ్రెయిన్ బోల్టుకు 25 చాలని సర్వీస్ కేంద్రంలో చెప్పారట. గీతలు 40 దగ్గరే మొదలవుతుంటే వాడు పిడిని ఇంకా వెనక్కి తిప్పి, 25 ఇక్కడెక్కడో ఉంటుందని లెక్కవేసుకుని బిగించడం మొదలుపెట్టాడు. నేను వరండాలో ఉన్నాను. ‘తాతయ్యా, క్లిక్ రావడం లేదు’ అన్నాడు. అమర్చిన అంకెకు చేరగానే ఆ రెంచి టక్కుమని పలకాలి. ఆగరా అంటూ లేచేలోపే బోల్టు ఒక్కసారిగా తేలికైపోయింది.

బయటికి తీస్తే బోల్టు చుట్టూ సన్నటి వెండి తీగ చుట్టుకుని ఉంది. వేలితో లాగితే స్ప్రింగులా సాగింది. అది తీగ కాదు, ఇంజిన్ కేసు లోపలి మర. బోల్టు ఉక్కు, కేసు అల్యూమినియం. రెండూ పోట్లాడితే ఓడేది ఎప్పుడూ అల్యూమినియమే. ఆటోనగర్ తీసుకెళ్లి రంధ్రం పెద్దది చేయించి, కొత్త మర కోయించి, లోపల స్టీలు కాయిల్ వేయించాం. ఒక రోజు పని, 900 రూపాయలు. మనవడి ముఖం మాత్రం రెండు రోజులు చూడలేకపోయాను. తప్పు వాడిది కాదు. గీతల కిందికి దిగితే లోపలి స్ప్రింగు వదులై ఆ రెంచిని నమ్మడానికి ఉండదని వాడికి ఎవరూ చెప్పలేదు.

నేను చెప్పదలచినది ఇదే. టార్క్ రెంచి కొనేటప్పుడు ముందు చూడవలసింది ధర కాదు, పేరు కాదు, దాని మీది మొదటి అంకె, చివరి అంకె. ద్విచక్ర వాహనంలో ఇంట్లో మనం ముట్టుకునే బోల్టుల్లో చాలావాటికి 10 నుంచి 40 లోపు సరిపోతుంది. వెనక చక్రం ఇరుసు నట్టు లాంటివి ఒకటి రెండు మాత్రమే అంతకు బాగా పైన ఉంటాయి. అందుకే బండి ఒక్కటే ఉన్నవాళ్లు 3/8 అంగుళం రకంలో, 10 నుంచి 60 వరకు కొలిచేది తీసుకుంటే చాలు. నేను మూడు వేల లోపే కొన్నాను. గీతల్లో అట్టడుగు భాగాన్ని కూడా పూర్తిగా నమ్మకూడదు. మనకు కావలసిన అంకె స్కేలు మధ్య ప్రాంతంలో పడేలా చూసుకోవాలి. కారున్న వాళ్లకు చక్రాల నట్లకు సుమారు 100 కావాలి కాబట్టి అర అంగుళం రకం పనికొస్తుంది. కచ్చితమైన అంకె మాత్రం కారు పుస్తకంలోనే చూసుకోవాలి. రెండు పనులకూ ఒకే రెంచి అనుకుంటే మా మనవడి కథే మళ్లీ జరుగుతుంది.

ఇంకా తక్కువ ధరలో కావాలంటే సూది రకం ఉంది. కడ్డీ వంగుతుంటే సూది స్కేలు మీద అంకె చూపిస్తుంది. క్లిక్ ఉండదు, లోపల అలసిపోయే స్ప్రింగు ఉండదు. ఎప్పుడైనా సూది సున్నా దగ్గర లేకపోతే చేత్తో కాస్త వంచి సరిచేసుకోవచ్చు. కాకపోతే నిటారుగా పైనుంచి చూస్తూ బిగించాలి, పక్కనుంచి చూస్తే అంకె తప్పుతుంది. బండి కింద పడుకుని చేసే పనికి ఇబ్బందే. అయినా కొత్తగా నేర్చుకునేవాళ్లకు నేను దీన్నే ఇస్తాను. బలం ఎలా పెరుగుతోందో కంటికి కనబడుతుంది.

పెట్టెలో తనిఖీ పత్రం ఉంటే దాని మీది నంబరూ రెంచి మీది నంబరూ ఒకటేనా అని కొట్టులోనే చూసుకోండి. మంచి క్లిక్ రెంచిలో తేడా నూటికి నాలుగు లోపు ఉండాలి. స్కేలు ఏ కొలతలో ఉందో కూడా చూడాలి. అడుగు పౌండ్ల గీతను న్యూటన్ మీటర్లనుకుని 25 పెడితే నిజంగా పడేది 34. పాత బండ్ల పుస్తకాల్లో కిలోగ్రాము-మీటర్లలో (kgf-m) రాసి ఉంటుంది. ఒక కిలోగ్రాము-మీటరు అంటే 9.8 న్యూటన్ మీటర్లు.

చవక రెంచిని నమ్మవచ్చా అని చాలామంది అడుగుతారు. నేను నమ్మను, తూస్తాను. రెంచి చదరపు ముక్కును బల్ల వైసులో, అంటే బల్లకు అమర్చిన ఇనుప పట్టులో బిగించి, రెంచి నేలకు సమాంతరంగా ఉండేలా పెడతాను. 25 దగ్గర అమర్చి, పిడి మధ్యలో చెయ్యి పట్టే చోట బకెట్ వేలాడదీసి చెంబుతో నెమ్మదిగా నీళ్లు పోస్తాను. క్లిక్ మనగానే ఆపి, బకెట్‌ను కిరాణా కొట్టు కాటా మీద తూయిస్తాను. ముక్కు మధ్య నుంచి బకెట్ వేలాడే చోటికి 30 సెంటీమీటర్లయితే 25 న్యూటన్ మీటర్లకు ఎనిమిదిన్నర కిలోలు కావాలి. నా రెంచి సొంత బరువు అందులో నాలుగు వందల గ్రాముల పని తనే చేస్తుంది. అంటే బకెట్ 8 కిలోల 100 గ్రాముల దగ్గర క్లిక్ రావాలి. మూడు వందల గ్రాములు అటూ ఇటూ అయితే ఫరవాలేదు. నాది 8 కిలోల 250 దగ్గర పలికింది. ఏడాదికోసారి ఇదే పరీక్ష చేస్తాను.

మరలు శుభ్రంగా, పొడిగా ఉండాలి. నూనె రాసిన బోల్టు అదే అంకెకు ఎక్కువ బిగుసుకుంటుంది. క్లిక్ విన్నాక మళ్లీ లాగకండి, పిడికి పైపు తొడగకండి, బిగుసుకున్న నట్టు ఊడదీయడానికి ఈ రెంచి వాడకండి. పని అయ్యాక స్కేలు మీది అతి తక్కువ గీత దగ్గరికి తిప్పి పెట్టెలో ఉంచండి.

ఇక మీకు నా విన్నపం. ఇలాంటి వ్యాసం మళ్లీ వేసినప్పుడు ‘గట్టిగా’ అన్న మాట ఉన్న ప్రతిచోటా అంకె వేయండి, లేదా దాన్ని ఎవరిని అడగాలో రాయండి. మా మనవడి బండితో ఇచ్చిన పుస్తకంలో హెల్మెట్ గురించి, టైర్ల గాలి గురించి ఉంది, డ్రెయిన్ బోల్టు అంకె మాత్రం లేదు. ఆ ఒక్క పేజీ తెలుగులో అచ్చువేయమని బండ్ల కంపెనీలను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

మా ఊళ్లో ఎవరైనా రెంచి కొని ఉంటే ఆదివారం ఉదయం తీసుకురండి. వైసు, బకెట్ మా వరండాలోనే ఉన్నాయి, కాటా ఎదురింటి కొట్టులో ఉంది.

ఇట్లు,
విశ్రాంత ఫిట్టరు,
కొండపల్లి