మంత్రి గారూ, ఏఎన్‌ఎం అక్క ట్యాబ్‌లో ఆకు మందుకి ఒక గడి పెట్టించండి

రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం.

మాది నెల్లూరు జిల్లా పొదలకూరు దగ్గర పల్లె. మా నాన్నకి పన్నెండేళ్ళుగా షుగర్. పోయిన వేసవిలో ఒకరోజు పొద్దున్నే నిమ్మకాయలు కోయించడానికి తోటకి పోయి, అక్కడే చెట్టు కింద కూలబడ్డాడు. ఒళ్ళంతా చెమటలు, మాట తడబడుతోంది. పక్క తోట ఆయన దగ్గర షుగర్ చూసే మిషన్ ఉంది కాబట్టి సరిపోయింది, చూస్తే షుగర్ 48. బెల్లం నీళ్ళు తాగించాక తేరుకున్నాడు. రోజూ వేసుకునే గ్లిమిపిరైడ్ అనే షుగర్ మాత్రతో పాటు నెల రోజులుగా పొడపత్రి ఆకు పొడి కూడా తాగుతున్నాడని ఆ తర్వాత తెలిసింది. రెండూ కలిసి షుగర్‌ని మరీ దించేసి ఉంటాయని డాక్టరు గారు అన్నారు.

నాన్న దాచలేదండీ, ఎవరూ అడగలేదు. ఏఎన్‌ఎం అక్క అంతకు ముందే ఇంటికొచ్చి ట్యాబ్‌లో అన్నీ ఎక్కించింది. వయసు, బీడీ, తాగుడు అలవాటు, నడుము కొలత, బీపీ, షుగర్, అన్నీ. ఆకు మందు వాడుతున్నారా అనే గడి మాత్రం అందులో లేదు. ఆభా కార్డుకి (ఆరోగ్య వివరాల కార్డు) ఇచ్చిన ఫోన్ నంబరు కూడా నాది, నేనుండేది నెల్లూరులో, మెసేజ్ వస్తే నాకొస్తుంది, మాత్ర వేసుకోవాల్సింది ఆయన.

మా జిల్లాకి ఈ విషయం కొత్త కాదు. 2021 మే నెలలో కృష్ణపట్నంలో ఆనందయ్య గారు కరోనాకి ఇచ్చిన ఆకు మందు కోసం జనం ఎలా బారులు తీరారో రాష్ట్రమంతా చూసింది. ఆయన మందుల్లో కంటి చుక్కలకి కాకుండా కొన్ని రకాలకి ప్రభుత్వం మే 31న అనుమతిచ్చింది. కానీ ఆ మందు తీసుకున్నవాళ్ళనీ తీసుకోనివాళ్ళనీ పక్కపక్కన పెట్టి, ఎవరికి ఎన్ని రోజుల్లో తగ్గిందో లెక్క కట్టిన ట్రయల్ మాత్రం జరగలేదు. అంతమంది నమ్మి వచ్చినప్పుడు కూడా మనం నేర్చుకోలేకపోయాం, అది నాకు ఇప్పటికీ బాధే.

పొడపత్రి షుగర్‌ని కొంత తగ్గిస్తుందని చిన్న చిన్న అధ్యయనాలు ఉన్నాయి. అంటే అది పని చేసే ఆకే, అందుకే మాత్రలతో కలిపితే ఏమవుతుందో తెలియాలి. ఆ పరీక్ష మా పల్లెల్లోనే పెట్టించండి. కొన్ని ఊళ్ళని చీటీ తీసి ఎంచి అక్కడ ట్యాబ్‌లో ఆకు మందు ప్రశ్నలు, ఇంట్లో ముసలివాళ్ళకే తెలుగులో ఫోన్ కాల్, మిగతా ఊళ్ళలో ఇప్పుడున్న వైద్యమే. మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ, దాంతో పాటు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ మొదట్లో, ఆరు నెలలకి, ఏడాదికి చూడాలి. షుగర్ ఎన్నిసార్లు పడిపోయిందో కూడా రాయాలి. మొదటి మనిషిని చేర్చుకోక ముందే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు చేయించి, ఫలితం మంచిదైనా చెడ్డదైనా బయటపెట్టండి. ఒప్పుకోలు కాగితం తెలుగులో చదివి వినిపించాకే వేలిముద్ర తీసుకోండి.

ట్రయల్‌కి టైమ్ పడుతుందని నాకు తెలుసు. గడి పెట్టడానికి పట్టదు కదండీ. ఈ నెల అక్క మళ్ళీ మా వీధికి వచ్చేలోగా అదైనా పెట్టించండి.

ఇట్లు,
పొదలకూరు నిమ్మ రైతు కొడుకు