ఐదు పార్టీల్ని ఎనిమిదేళ్ళు కలిపి ఉంచిన మనిషి

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం చదివాక జవాబు రాయకుండా ఉండలేకపోయాను. ఒకరంటే ఒకరికి పడని పార్టీలు కలిసి ప్రభుత్వం పెడితే రెండేళ్ళు కూడా నిలవదని రాశావు. మనం చూసిందదే, కాదనను. 1996 నుంచి 1998 లోపలే ఢిల్లీలో వాజపేయి, దేవెగౌడ, గుజ్రాల్, మళ్ళీ వాజపేయి. మన చంద్రబాబు కన్వీనర్‌గా ఉన్న యునైటెడ్ ఫ్రంట్, కాంగ్రెస్ మద్దతు తీసేసిన ప్రతిసారీ కూలింది. కానీ సరిగ్గా అవే రోజుల్లో ఫిన్లాండ్‌లో పావో లిప్పొనెన్ అనే సోషల్ డెమోక్రాట్ ఐదు పార్టీల ప్రభుత్వాన్ని నడిపాడు. 1995 ఏప్రిల్ నుంచి 2003 ఏప్రిల్ దాకా, మధ్యలో ఒక ఎన్నిక దాటుకుని మరీ. అన్ని విడతలూ కూడితే వాళ్ళ పార్టీవాడే అయిన కలేవి సోర్సా ఆయన కంటే ఎక్కువ కాలం ప్రధానిగా ఉన్నాడు, నాలుగు ప్రభుత్వాలు కలిపి దాదాపు పదేళ్ళు. ఆగకుండా ఎనిమిదేళ్ళు ఉన్నది మాత్రం లిప్పొనెనే.

ఆయన వచ్చేనాటికి దేశం ఎలా ఉందో తెలిస్తేనే ఇదెంత కష్టమో అర్థమవుతుంది. సోవియట్ యూనియన్ కూలిపోవడంతో దానితో వ్యాపారం పోయింది, ఎనభైల్లో ఎడాపెడా అప్పులిచ్చిన బ్యాంకులు మునిగాయి, 1994లో నిరుద్యోగం 17 శాతానికి దగ్గరగా ఉంది. 1995 ఎన్నికల్లో 200 సీట్లకి ఆయన పార్టీకి 63 వచ్చాయి. అంతకుముందు సోషల్ డెమోక్రాట్లు చాలాసార్లు రైతుల పార్టీ అయిన సెంటర్ పార్టీతో కలిసేవాళ్ళు. లిప్పొనెన్ వాళ్ళని పక్కన పెట్టి, కుడివైపు నుంచి నేషనల్ కోయలిషన్ అనే పార్టీని, ఎడమవైపు నుంచి పాత కమ్యూనిస్టులున్న లెఫ్ట్ అలయన్స్‌ని, పర్యావరణం కోసం నిలబడే గ్రీన్స్‌ని, స్వీడిష్ మాట్లాడేవాళ్ళ పార్టీని ఒక్కచోట కూర్చోబెట్టాడు. జనం దాన్ని రెయిన్‌బో ప్రభుత్వం అన్నారు.

ఎలా నిలిచిందంటావా? నాకు అర్థమైనంతలో, ప్రమాణ స్వీకారానికి ముందే అంతా కాగితం మీద పెట్టేశారు. ఎంత ఖర్చు తగ్గించాలి, ఎక్కడ తగ్గించాలి అన్నది కూడా. మొత్తం సుమారు 2,000 కోట్ల మార్కులు (అప్పటి ఫిన్లాండ్ డబ్బు)! రాసుకున్నాక ఎవరూ దాన్ని మళ్ళీ తిరగతోడకూడదు, ఆ విషయంలో ఆయన మొండివాడు. కార్మిక సంఘాలతోనూ అంతే, సంఘాలు జీతాల పెంపు తక్కువలో సర్దుకుంటే ప్రభుత్వం ఆదాయపన్ను తగ్గిస్తుందని దేశం మొత్తానికీ కలిపి ఒప్పందాలు కుదిరాయి. ఆయన మాట్లాడటం చాలా నెమ్మది, మాటకీ మాటకీ మధ్య పెద్ద ఖాళీ. కుర్రాడప్పుడు వాటర్ పోలో ఆడేవాడు, తర్వాత విలేకరి, ఆ తర్వాత ప్రధాని మౌనో కోయివిస్తో దగ్గర సెక్రటరీ. ప్రధాని కుర్చీ పక్కనే నిలబడి పని నేర్చుకున్నవాడన్నమాట.

ఆ కోతలు మామూలువి కావురా. పిల్లల భత్యం తగ్గించారు, వేరే పెన్షన్ వచ్చే ముసలివాళ్ళకి జాతీయ పెన్షన్‌లోని కనీస భాగాన్ని దశలవారీగా తీసేశారు. పేదవాళ్ళ పక్షాన నిలబడాల్సిన పార్టీ ఆ పని చేయడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది, అక్కడి పెన్షనర్లు కూడా చాలాకాలం మర్చిపోలేదు. 1999లో పార్టీ 51 సీట్లకి పడిపోయింది. అయినా అదే పెద్ద పార్టీ, అదే ఐదు పార్టీల ప్రభుత్వం మళ్ళీ వచ్చింది. దిగిపోయేనాటికి నిరుద్యోగం 9 శాతం దగ్గరికి వచ్చింది. అందులో నోకియా వాటా కూడా పెద్దదే అనుకో, మన చేతుల్లోకి మొదట వచ్చిన ఫోన్లు అవేగా.

యూరో సంగతి కూడా చెప్పాలి. 1996 అక్టోబరులో మార్కుని, యూరోకి ముందు మెట్టయిన యూరప్ మారకపు రేటు వ్యవస్థలో చేర్చి, 1999లో మొదటి విడతలోనే దేశాన్ని యూరోలోకి తీసుకెళ్ళాడు. స్వీడన్, డెన్మార్క్ ప్రజలు ఓటేసి వద్దన్నారు, నార్వే అసలు యూరోపియన్ యూనియన్‌లోనే లేదు. రష్యా పక్కన ఉన్న చిన్న దేశం యూరప్‌లో నిర్ణయాలు జరిగే గదిలోనే ఉండాలని ఆయన గట్టిగా నమ్మాడు. 1999 రెండో సగంలో యూనియన్ అధ్యక్షత ఫిన్లాండ్‌దే, ఆ డిసెంబరులో హెల్సింకిలోనే టర్కీకి అభ్యర్థి దేశం హోదా ఇచ్చారు.

నాకు అన్నిటికంటే నచ్చింది ఏంటో తెలుసా? 1998లో కూతురు పుట్టినప్పుడు, ప్రధానిగా ఉంటూనే పితృత్వ సెలవు తీసుకున్నాడు. కొద్ది రోజులే, కానీ ప్రధానే తీసుకున్నాక మామూలు ఉద్యోగికి సెలవు అడగడానికి భయం దేనికి? మన ఆఫీసుల్లో ఇప్పటికీ తండ్రి సెలవు అంటే మేనేజర్ మొహం ఎలా పెడతాడో నీకు తెలుసుగా.

2002 మేలో ఐదో అణు రియాక్టర్‌కి పార్లమెంటు 107–92తో ఒప్పుకుంది, గ్రీన్స్ ప్రభుత్వం వదిలేసి వెళ్ళిపోయారు. మిగిలిన నాలుగు పార్టీలతో చివరిదాకా లాక్కొచ్చాడు. 2003లో ఆయన పార్టీ సీట్లు 51 నుంచి 53కి పెరిగాయి, అయినా ఓడిపోయాడు, ఎందుకంటే సెంటర్ పార్టీకి 55 వచ్చాయి. ప్రచారంలో ఆ పార్టీ నాయకురాలు అన్నెలి యాత్తేన్‌మాకి, ఇరాక్ విషయంలో లిప్పొనెన్ బుష్‌తో ఏం మాట్లాడాడో విదేశాంగ శాఖ రహస్య పత్రాల ఆధారంగా బయటపెట్టి ఇరుకున పెట్టింది. గెలిచి ఆ దేశపు మొదటి మహిళా ప్రధాని అయింది కానీ, ఆ పత్రాలు ఎలా అందాయన్న గొడవలో రెండు నెలలకే దిగిపోవాల్సి వచ్చింది. తర్వాత కోర్టు ఆమె మీద ఆరోపణలు కొట్టేసిందిలే.

లిప్పొనెన్ ఆ తర్వాత నాలుగేళ్ళు స్పీకర్. 2008లో రష్యా గ్యాస్ పైపులైన్ నార్డ్ స్ట్రీమ్‌కి సలహాదారుగా చేరాడు, అది నాకు అస్సలు నచ్చలేదు. 2012లో అధ్యక్ష పదవికి నిలబడితే 6.7 శాతం ఓట్లే వచ్చాయి. గెలిచింది ఎవరో తెలుసా, ఆయన కేబినెట్‌లో ఆర్థిక మంత్రిగా చేసిన, నేషనల్ కోయలిషన్ మనిషి సౌలి నీనిస్తో.

సోర్సా కథ వేరే ఉత్తరంలో రాస్తాను, ఇది ఇప్పటికే పొడుగైపోయింది. నువ్వు మాత్రం జవాబు తొందరగా రాయి, అమ్మానాన్నల్ని అడిగానని చెప్పు.

నీ
మురళి