ఫార్సీ కథల్లో ఉత్తరం అలంకారం కాదు

సంపాదకుడు గారికి,

రెండు వారాల కిందటి ఆదివారం అనుబంధంలో ఆధునిక ఫార్సీ కథ మీద వేసిన వ్యాసం చదివాను. రాయాలా వద్దా అని ఇన్నాళ్లు ఆగాను, మనసు ఊరుకోలేదు. కథలో ఉత్తరాలు పెట్టడం ఐరోపా నుంచి తెచ్చుకున్న పాత పద్ధతి అని మీ వ్యాసకర్త ఒక్క ముక్కలో తేల్చేశారు. అన్యాయమండీ.

1921లో బెర్లిన్‌లో అచ్చయిన ఇరాన్ రచయిత జమాల్‌జాదే తొలి కథల పుస్తకంలో వేలానుద్దౌలా అని ఒక మనిషి ఉంటాడు. ఈ పూట ఒకరింట్లో తిండి, రాత్రికి ఇంకొకరింట్లో పడక. నవ్వుకుంటూ చదువుతాం. చివరికి నల్లమందు మింగి, ఒక చీటీ రాసిపెట్టి చనిపోతాడు. యాభై ఏళ్లు దిక్కూ మొక్కూ లేకుండా తిరిగానని, తన శవాన్నైనా ఎవరు గుర్తుపడతారో తెలియదని అందులో ఉంటుంది. అంతసేపూ నవ్వినందుకు నాకు సిగ్గేసింది. ఆ చీటీ తీసేస్తే ఇక కథే లేదు.

మరో ఇరాన్ రచయిత బొజొర్గ్ అలవీ ‘ఉత్తరాలు’ కథలో ఒక జడ్జికి ఆకాశరామన్న ఉత్తరాలు వస్తుంటాయి. ఆయన పాత పాపాలన్నీ వాటిలోంచే బయటపడతాయి. అలవీ 1937లో అరెస్టయి 1941 దాకా జైల్లో ఉన్నారు. సిగరెట్ పెట్టెల మీద, చక్కెర పొట్లాల కాగితాల మీద దాచుకుని రాసుకున్నారు. సంతకం లేని ఉత్తరం ఎందుకు అవసరమవుతుందో అలాంటి మనిషికి ఐరోపా నేర్పాలా?

ఇంత తేలిగ్గా రాసేయడానికి కారణం, ఈ కథలు మనకు ఇంగ్లీషు మీదుగా, అదీ ముక్కలు ముక్కలుగా రావడమే. 1880ల దాకా హైదరాబాద్ సంస్థానంలో సర్కారు రాతకోతలు ఫార్సీలోనే నడిచాయి. కాగితం, కలం, దరఖాస్తు లాంటి ఫార్సీ మీదుగా వచ్చిన మాటలు ఇంకా మన నోట్లో నానుతూనే ఉన్నాయి. అలాంటి ఊళ్లో మొన్న ఒక గ్రంథాలయానికి వెళ్లి ఫార్సీ కథలు తెలుగులో ఏమైనా ఉన్నాయా అని అడిగితే, ‘అవి ఎవరు చదువుతారండీ’ అన్నారు అక్కడి అధికారి. క్యాటలాగ్ కూడా తెరవలేదు. కొత్త బిల్డింగులకు రంగులు వేయించడానికి డబ్బులుంటాయి, పుస్తకాలు కొనడానికి మాత్రం ఉండవు. పాఠకుడు అడిగింది వెతికిపెట్టే ఓపిక కూడా పోయింది.

మన యూనివర్సిటీల్లో ఫార్సీ చదువుకున్నవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లచేత నేరుగా తెలుగులోకి చేయించి, నెలకొక కథైనా మీ అనుబంధంలో వేయండి. మొదట అలవీ కథ వేస్తే సంతోషిస్తాను.

– ఒక రిటైర్డ్ టీచర్, హైదరాబాద్