మీటరు చూసి బాగుందన్నాను, తప్పు నాదే

ఉండి ఊరి దగ్గర రొయ్యల చెరువులో పోయిన నెల జరిగింది మీలో చాలామంది చెవిన పడే ఉంటుంది. నాలుగు చోట్ల నాలుగు రకాలుగా చెప్పుకుంటున్నారు, చెరువుల జనరేటర్లు చూసే నేనే చెప్పేస్తానండి.

తెల్లవారుజామున మూడున్నరకి కరెంటు పోయింది. నీళ్ళలోకి గాలి కలిపే ఏరియేటర్లు ఆగాయి. జనరేటర్ సెల్ఫ్ తీసుకోలేదు, టిక్ టిక్‌మని ఊరుకుంది. రాత్రంతా నాచు కూడా ఆక్సిజన్ పీల్చేసి, డీవో, అంటే నీళ్ళలో కరిగిన ఆక్సిజన్, అడుగంటే వేళ అది. పక్క చెరువు బ్యాటరీ మోసుకొచ్చి స్టార్ట్ చేసేసరికి రొయ్యలు గట్టు వార తేలుతున్నాయి. పది రోజుల ముందు ఆ జనరేటర్ చూసి "ఢోకా లేదు" అని కార్డు మీద సంతకం పెట్టింది నేనే.

చూసిందేమిటంటే, బ్యాటరీకి మీటరు పెట్టాను, 12.6 వోల్టులు చూపించింది, వచ్చేశాను. తర్వాత అదే బ్యాటరీకి సెల్ఫ్ కొట్టి చూస్తే ముల్లు 7కి పడిపోయింది. తొమ్మిదిన్నర దిగకూడదు. లోపల ప్లేట్లు ఎప్పుడో అయిపోయాయి.

శంషాబాద్‌లో బిజినెస్ జెట్లు బాగుచేసే మా బావమరిది విని నవ్వాడు. "మీటరు చూసి వదిలేశావా బావా?" గాల్లో జనరేటర్లన్నీ ఆగితే ముఖ్యమైన మీటర్లు, రేడియో బతికేది ఎమర్జెన్సీ బ్యాటరీ మీదేనట. 24 వోల్టుల నికెల్ కాడ్మియం అయితే లోపల 20 సెల్స్. ఫిర్యాదు వచ్చేదాకా ఆగరు, గడువు రాగానే విప్పి షాపుకి తెచ్చి నిండా ఛార్జి పెడతారు. తర్వాత లోడు కట్టి, గడియారం పెట్టుకుని ఖాళీ చేస్తారు. ఉండాల్సినంత సేపు నిలబడలేదా, మళ్ళీ విమానం ఎక్కదు.

మనకి బ్యాటరీ ఖాళీ చేసి చూడక్కర్లేదు గానీ లోడు కావాలి. ఇకపై మెయిన్ దించేసి, ఏరియేటర్లన్నీ జనరేటర్ మీద అరగంట తిప్పాకే సంతకం. "ఆదివారం ఆదివారం స్టార్ట్ చేస్తున్నాం కదా" అంటారు కొందరు. ఏరియేటర్లు కరెంటు మీద తిరుగుతుంటే జనరేటర్ ఊరికే బుడబుడలాడుతుంది, దాని బలం ఏం తెలుస్తుందండి?

విజిటుకి 300 కాదు, 500. పని మూడింతలైంది మరి. ఉండి రైతుకి కొత్త బ్యాటరీ ఇచ్చాను, మేత బాకీలో కొంత కట్టాను. నష్టమంతా పూడ్చే శక్తి నాకు లేదు, ఆయనతోనూ అదే చెప్పాను.

సంక్రాంతి నుంచి నేను సంతకం పెట్టినవన్నీ మళ్ళీ ఉచితంగా చూస్తాను. సోమవారం ఆకివీడు వైపు. డీజిల్ మాత్రం మీదే.