భారతం మిట్ట జమా ఖర్చులు: 2025 ఉగాది నుంచి ఆషాఢం దాకా

గ్రామస్తులకు, ఉత్సవంలో ఒక్కో రోజు సేవకు డబ్బు ఇచ్చే ఉభయదారులకు, బెంగళూరు, చెన్నై, తిరుపతిలో ఉద్యోగాలు చేసుకుంటున్న మన ఊరి పిల్లలకు కమిటీ తరఫున నమస్కారం.

ఈ ఏడాది ధర్మరాజుల గుడి ముందున్న మన భారతం మిట్ట (భారతం ఆడే ఎత్తు చోటు) మీద జరిగిన కార్యక్రమాలకు ఎంత వచ్చింది, ఎంత పోయింది అన్నది పైసాతో సహా రాస్తున్నాం. ఆగస్టు 3 ఆదివారం ఊరి మీటింగులో ఈ లెక్క చదివి వినిపించాం. రాలేనివాళ్ళు కూడా చూడాలి కాబట్టి, ఆ రోజు అడిగిన ప్రశ్నలకు జవాబులు కూడా కలిపి ఇక్కడ పెడుతున్నాం.

ముందు మొత్తాలు. జమ రూ. 8,01,353. ఖర్చు రూ. 7,50,392. నిల్వ రూ. 50,961.

జమ సంగతి. పోయినేడు మిగిలిన రూ. 41,350 బ్యాంకులో ఉండగా ఈ ఏడాది లెక్క మొదలుపెట్టాం. ఇంటికి వెయ్యి రూపాయలని ఉగాది నాడు అందరూ కలిసి అనుకున్నదే. ఊళ్ళో 312 ఇళ్ళు. 271 ఇళ్ళవాళ్ళు వెయ్యి చొప్పున ఇచ్చారు, అది రూ. 2,71,000. ఇంకో 29 ఇళ్ళవాళ్ళు తమకు కుదిరినంత ఇచ్చారు, అది రూ. 11,400. మిగతా 12 ఇళ్ళ దగ్గర మేమే తీసుకోలేదు. వాళ్ళ పరిస్థితి ఊరందరికీ తెలుసు, ఎవరి ఇళ్ళని అడగొద్దు.

ఉభయాలు 18. ఒక్కో ఉభయానికి రూ. 12,000. ఆ రోజు అన్నదానం ఉభయదారులే సొంతంగా చేసుకుంటారు కాబట్టి ఆ ఖర్చు ఈ లెక్కలో కనిపించదు. 17 ఉభయాలు పూర్తిగా వచ్చాయి, ఒకటి సగం వచ్చింది. మొత్తం రూ. 2,10,000. రావలసిన ఆరు వేల గురించి మీటింగులో కొంచెం గట్టిగానే అడిగారు. ఈ ఏడాది తోతాపురి మామిడి రైతు ఎంత నలిగాడో మనకు వేరే చెప్పాలా? ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు, కలిపి కిలోకు 12 అన్నారు. కాయ తోలినవాళ్ళందరికీ ఆ డబ్బు టైముకు అందలేదు. ఆ ఉభయదారుది అదే కష్టం. తాతల నాటి నుంచి ఒక్క ఏడాది కూడా ఉభయం తప్పని ఇల్లు అది. డబ్బు చేతికొచ్చినప్పుడు ఇస్తారు, అప్పటిదాకా ఎవరూ ఆ మాట ఎత్తొద్దని కమిటీ మనవి.

క్యూఆర్ కోడ్‌కు బయటి ఊళ్ళనుంచి వచ్చింది రూ. 1,18,760. హుండీ, హారతి పళ్ళెం కలిపి రూ. 64,215. ద్రౌపదీ కల్యాణం చీర, సుభద్రా కల్యాణం తాంబూలం వేలం పాటల్లో రూ. 37,500. మిట్ట చుట్టూ బొరుగుల అంగళ్ళు, బొమ్మల అంగళ్ళు, రంగులరాట్నం పెట్టుకున్నవాళ్ళ నుంచి స్థలం బాడుగ రూ. 46,000. బ్యాంకు వడ్డీ రూ. 1,128. దాతల పేర్లు, మొత్తాలతో పట్టీ గుడి గోడకు అతికించాం. ఇక్కడ పేర్లు రాయడం లేదు.

ఇక ఖర్చు. అన్నిటికంటే పెద్ద మొత్తం కాబట్టి వేషగాళ్ళ లెక్క ముందు చెప్పుకోవాలి.

మే 22న భారతం ఉత్సవం మొదలై జూన్ 8న దుర్యోధన వధ, నిప్పుల గుండంతో ముగిసింది. పద్దెనిమిది రోజులూ పగలు హరికథ. మే 29 నుంచి పది రాత్రులు వీధి నాటకం. నాటకం మేళానికి పోయినేడు రాత్రికి 18,000 ఇచ్చాం. ఈసారి వాళ్ళు 21,000 అడిగారు. మేము 22,000 ఇచ్చాం. అర్జున తపస్సు నాడు మాను ఎక్కిన కళాకారుడికి 5,000, దుర్యోధన వధ నాడు భీముడికీ దుర్యోధనుడికీ కలిపి 5,000 విడిగా దక్షిణ. మొత్తం రూ. 2,30,000.

అడిగినదానికంటే వెయ్యి ఎక్కువ ఎందుకిచ్చారని ఇద్దరు ముగ్గురు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. మేళంలో వేషాలు, మద్దెల, తాళం, హార్మోనియం కలిపి పదహారు మంది. 22,000 పంచుకుంటే మనిషికి 1,375. పొద్దు గూకే ముందే వచ్చి ముఖానికి రంగు పూసుకోవడం మొదలుపెడతారు. కొయ్యతో చేసి అద్దాలు పొదిగిన కిరీటం, భుజకీర్తులు ఒంటికి బిగించి కట్టుకుని, తెల్లారేదాకా ఆడి పాడతారు. విప్పేటప్పటికి భుజాల మీద తాళ్ళ ఒరుపు ఎర్రగా కనిపిస్తుంది. వాళ్ళలో చాలామంది పగలు కూలికి పోయేవాళ్ళు, ఆటో తోలేవాళ్ళు. నాటకం ఉన్న పది రోజులూ ఆ పగటి సంపాదన పోయినట్టే. కొన్ని చోట్ల ఆట అయ్యాక డబ్బుకోసం వారాలు తిప్పించుకుంటారని వాళ్ళే చెప్పారు. మన మిట్ట మీద మాత్రం ప్రతి రోజూ మంగళం పాడగానే, ముఖం కడుక్కోకముందే, ఆ రాత్రి డబ్బు లెక్కపెట్టి చేతిలో పెట్టాం. పది రాత్రులకూ పది ఓచర్లు ఉన్నాయి, సంతకాలతో.

బయటి మేళం ఎందుకు, దగ్గర్లో దొరకరా అని కూడా అడిగారు. మన ఊళ్ళో వేషం కట్టే తరం అయిపోయి చాలా కాలమైంది. ఈ మేళంలో మద్దెల వాయించేవాళ్ళు తమిళనాడులోని గుడియాత్తం వైపు నుంచి వస్తారు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడకముందు ఇదంతా ఉత్తర ఆర్కాటు జిల్లానే. ద్రౌపదమ్మ గుళ్ళు, భారతం ఆటలు ఇటూ అటూ ఒకటే. వాళ్ళను బయటివాళ్ళని ఎలా అనుకుంటాం?

హరికథకు, భాగవతారు గారికి, వయొలిన్, మృదంగం వాళ్ళకు కలిపి రోజుకు 6,000 చొప్పున 18 రోజులకు రూ. 1,08,000. కళాకారులందరి భోజనాలు, బస, వ్యాను బాడుగ రూ. 38,260.

మైకు, లైట్లకు పోయినేడు 96,000 అయితే ఈసారి 64,000. అంటే 32,000 తగ్గింది. ఇది బేరమాడి తగ్గించింది కాదు, తెలిసే తగ్గించాం. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట మైకు వాడకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. పండగలకు ప్రభుత్వం ఏడాది మొత్తం మీద 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి 12 దాకా సడలించవచ్చు. అంతకు మించి లేదు. మన నాటకమేమో తెల్లారేదాకా. ఏటా పోలీసులు వస్తారేమోనని టెన్షన్ పడుతూ సౌండు తగ్గిస్తూ పెంచుతూ ఆడించడం మంచిది కాదనిపించింది. అందుకని ఈసారి ఆట రాత్రి 8కే మొదలుపెట్టి, 10 కాగానే మైకు పూర్తిగా కట్టేశాం. అక్కడి నుంచి గొంతు, మద్దెల, తాళం అంతే.

మొదటి రాత్రి గొడవైంది నిజమే. "ఏం నాయనా, మైకు లేకుంటే మా చెవులకు ఏం వినపడుతుంది?" అని ముసలామె ఒకరు కమిటీ కుర్చీల దగ్గరకే వచ్చి నిలదీశారు. ఆమెనూ, ఆమె ఈడు వాళ్ళనూ తెర పట్టే చోటికి దగ్గరగా చాపలు వేసి ముందు వరసలో కూర్చోబెట్టాం. మూడో రాత్రికి జనమంతా ముందుకు జరిగి మిట్టను ఆనుకుని కూర్చున్నారు. సౌండు పెట్టెల హోరులో ఇన్నేళ్ళూ వినపడని గజ్జెల చప్పుడు వినపడిందని చాలామంది వచ్చి చెప్పారు. మేళంవాళ్ళు కూడా, గొంతు పట్టి పాడుకోవడానికి ఇదే బాగుందన్నారు. ఇక్కడ మిగిలిన 32,000కు ఇంకో 8,000 కలిపితే వేషగాళ్ళకు పెంచిన 40,000. వచ్చే ఏడాది కూడా ఇలాగే జరగాలని కమిటీ అభిప్రాయం, మీటింగులో చాలామంది ఒప్పుకున్నారు.

వాన దెబ్బ. ఈ ఏడాది నైరుతి మే 24కే కేరళకు వచ్చేసింది, మామూలుగా జూన్ 1. మన భారతం సరిగ్గా ఆ వానల్లోనే పడింది. పందిరి, షామియానాలకు అనుకున్నట్టే రూ. 58,500 అయింది కానీ, అప్పటికప్పుడు చిత్తూరుకు పోయి టార్పాలిన్లు కొనాల్సి వచ్చింది, రూ. 19,200. బాడుగకు తేకుండా ఎందుకు కొన్నామంటే, నాలుగు రోజుల బాడుగే కొన్న ధరలో సగం దాటుతోంది. ఆ టార్పాలిన్లు ఇప్పుడు మడతపెట్టి గుడి వెనక గదిలో ఉన్నాయి, పెళ్ళిళ్ళకు కావలసినవాళ్ళు రసీదు తీసుకుని వాడుకోవచ్చు. గాలివానకు కరెంటు పోయిన నాలుగు రాత్రులు జనరేటరుకు, డీజిలుకు రూ. 17,300. తాత్కాలిక మీటరు బిల్లు రూ. 11,840.

వధ కోసం చేసే దుర్యోధనుడి మట్టి బొమ్మకు రూ. 33,900 అయింది. అందులో బొమ్మ చేసినవాళ్ళ కూలి, రంగులు 24,000. చెరువు మట్టి ఆరు ట్రాక్టర్లు, ట్రాక్టరుకు 900 చొప్పున 5,400. జూన్ 6 రాత్రి జల్లుకు ఛాతీ భాగం, ఎడమ చేయి కరిగి జారిపోతే తెల్లవారుజామున మళ్ళీ పూడ్చినందుకు 4,500. ఆ రాత్రి నాటకం చూడటానికి వచ్చిన కుర్రాళ్ళు లేచి వచ్చి, టార్పాలిన్ నాలుగు మూలలూ పట్టుకుని బొమ్మ మీద వాన పడకుండా నిలబడ్డారు. భీముడు కొట్టినప్పుడు రక్తంలా కారడానికి తొడలో పెట్టిన కుంకుమ నీళ్ళ కుండ మాత్రం చెక్కుచెదరలేదు. వాళ్ళకు ఈ లెక్కలో ఏ పద్దు కిందా పైసా రాయలేదు, వాళ్ళు ఒక్క టీ కూడా అడగలేదు. ఎనిమిదో తేదీ వధ అయ్యాక జనం ఎప్పటిలాగే ఆ మట్టిని చేలకూ గాదెలకూ తీసుకుపోయారు కాబట్టి, మట్టి ఎత్తించే ఖర్చు పెద్దగా రాలేదు.

తపస్సు మానుకు రూ. 15,350. మాను మనదే, పాతదే. మోకులు మాత్రం మొత్తం కొత్తవి కొన్నాం, 6,350. మిగతా 9,000 మాను నిలబెట్టి దించినవాళ్ళ కూలి. పాత మోకులు పనికొస్తాయి కదా అన్నవాళ్ళున్నారు. అర్జునుడు పద్యాలు పాడుకుంటూ అంత ఎత్తు ఎక్కుతాడు. పైనుంచి విసిరే నిమ్మకాయలు, విభూతి, పూల కోసం పిల్లలు లేని తల్లులు తడిబట్టలతో మాను చుట్టూ కొంగు పట్టుకుని ఉంటారు. ఎక్కేవాడి ప్రాణం, కింద ఉన్నవాళ్ళ ప్రాణం ఆ మోకుల మీదే. దీంట్లో పొదుపు చెయ్యబోమని మేము ముందే అనుకున్నాం. వచ్చే ఏడాది కమిటీ ఎవరైనా సరే, ఈ మోకులను కట్టే ముందు పూర్తిగా విప్పి మూర మూరా చూడాలి.

మిగతావి: నిప్పుల గుండానికి కట్టెలు రూ. 12,600. పూజ సామాను, పూలు, పట్టుబట్టలు రూ. 31,450. నీళ్ళ ట్యాంకర్లు, చెత్త ఎత్తడం, ఫస్ట్ ఎయిడ్, గుండం దగ్గర ఇసుక, నీళ్ళ డ్రమ్ములు రూ. 18,900. కరపత్రాలు రూ. 5,600. బ్యాంకు చార్జీలు, రసీదు పుస్తకాలు రూ. 742. ఏప్రిల్ 6 శ్రీరామనవమికి పానకం, వడపప్పు, చెక్కభజన రూ. 9,850.

వేసవి సెలవుల్లో పిల్లలకు పద్యం, అభినయం నేర్పించడానికి రూ. 23,700 అయింది. నేర్పిన మాస్టారుకు 15,000, పిల్లల బట్టలు, విల్లంబులకు 8,700. పిల్లలు ఏకలవ్యుడి కథ ఆడారు. ఇది భారతం ఖర్చు కాదు కదా, ఎందుకు పెట్టారని ఒక ప్రశ్న వచ్చింది. ఊళ్ళో వేషం కట్టేవాళ్ళు లేరని పైన రాశాం. ఆ మాట పదేళ్ళ తర్వాత కూడా రాయకుండా ఉండాలంటే ఈ ఖర్చు ఏటా ఉండాలి. ద్రోణుడు బొటనవేలు అడిగినప్పుడు, ఏడో తరగతి చదివే ఆ అమ్మాయి పద్యం ఆపి ఒక్క క్షణం తన చేతివైపు చూసుకుంది. మాస్టారు నేర్పింది కాదట, తనకే తోచిందట. చూసినవాళ్ళెవరూ ఈ ప్రశ్న అడగలేదు.

జూలై 10 వ్యాస పౌర్ణమి రాత్రి చిత్తూరు నుంచి వచ్చినవాళ్ళతో రాయబారం పద్యనాటకం. పార్టీకి 45,000, వేదిక ఏర్పాటుకు 6,200, మొత్తం రూ. 51,200. ఒన్స్‌మోర్లు పడ్డాయి. జనం బాగా వచ్చారు. కానీ హారతి పళ్ళెంలో వచ్చింది తక్కువే. వచ్చే ఏడాది దీనికి కూడా భారతంలాగా ఒక ఉభయదారు ముందుకొస్తే తప్ప ఊరి చందా మీద వేయడం కష్టం.

ఆ రాత్రే ఇంకో విషయం తేలింది. ద్రౌపది, కుంతి వేషాలకు వచ్చిన ఆడవాళ్ళు అలంకరణకు, బట్టలు మార్చుకోవడానికి పక్కనున్న ఇంటికి పోవాల్సి వచ్చింది. ఆ ఇంటివాళ్ళు ఎంతో మర్యాదగా చూసుకున్నారు, వాళ్ళకు కృతజ్ఞతలు. కానీ పిలిచింది ఊరు. మిట్ట వెనక ఒక గది, బాత్రూము కట్టించాలి. మేస్త్రీ వేసిన అంచనా రూ. 1,85,000. దీనికి ఈ ఖాతాలో డబ్బు కలపకుండా వేరే ఖాతా తెరవాలని మీటింగులో తీర్మానం చేశాం. వినాయక చవితి దాటాక చందాలు మొదలుపెడతాం. స్థలం పంచాయతీది కాబట్టి దరఖాస్తు ఇప్పటికే పెట్టాం.

నిల్వ 50,961 ఎక్కడుందంటే: బ్యాంకులో 38,711, కోశాధికారి చేతిలో 2,250, కరెంటు మీటరు డిపాజిట్ రూపంలో తిరిగి రావలసినవి 10,000. పైన చెప్పిన సగం ఉభయం 6,000 ఇందులో కలపలేదు, వచ్చిన నాడు జమలో వేస్తాం.

రసీదు పుస్తకాల నకళ్ళు, ఓచర్లు, బ్యాంకు పాసుపుస్తకం గుడి ఆఫీసులో ఉన్నాయి. ఆగస్టు నెలంతా ఆదివారాలు ఉదయం 9 నుంచి 12 దాకా ఎవరైనా వచ్చి చూడవచ్చు. ఊళ్ళో లేనివాళ్ళు తమ రసీదు నంబరు పంపిస్తే ఆ పేజీ ఫోటో తీసి పంపుతాం. అభ్యంతరాలు ఆగస్టు 31లోగా రాతపూర్వకంగా ఇవ్వండి. సెప్టెంబరు మొదటి ఆదివారం లెక్క మూసి, పుస్తకాలు కొత్త కమిటీకి అప్పజెబుతాం.

ఇట్లు
భారతం మిట్ట ఉత్సవ కమిటీ