సుముహూర్తాన భజంత్రీలు మోగనివ్వండి

సంపాదకులకు నమస్కారం.

పెళ్ళి ఊరేగింపుల్లో డీజే మోత గురించి పది రోజుల కిందట మీ జిల్లా అనుబంధంలో వచ్చిన వార్త చదివాను. అర్ధరాత్రి దాటినా ఆగని ఆ హోరు వల్ల వీధివారు పడే ఇబ్బందిని చక్కగానే రాశారు గాని, అదే హోరు వీధి దాటి పెళ్ళిపీటల దాకా వచ్చేసిన సంగతిని ఆ వార్త తాకలేదు. అందుకే ఈ లేఖ రాస్తున్నాను.

మొన్న వైశాఖంలో మా తమ్ముడి కూతురి పెళ్ళి ఇక్కడే ఒక ఫంక్షన్ హాలులో జరిగింది. చిలకలూరిపేట దగ్గరి పల్లె నుంచి ఐదుగురి మేళాన్ని పిలిపించాము. స్నాతకం మొదలు గౌరీపూజ దాకా వారు వాయిస్తూ ఉంటే వంటశాలలోని వారు కూడా చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడి విన్నారు. తీరా జీలకర్ర బెల్లం వేళ, వధూవరుల మధ్య తెర పట్టి ఉండగా, పురోహితుడు చేయెత్తి "భజంత్రీలు, భజంత్రీలు" అని కేక వేయగానే, డోలు మోగవలసిన చోట వేదికకు రెండు పక్కలా నిలబెట్టిన సౌండు బాక్సుల్లోంచి సినిమా పాట విరుచుకుపడింది. వీడియోకు అదే బాగుంటుందని ఈవెంటు నిర్వాహకుడు మేళంవారిని అంతకు ముందే ఆపివేయమన్నాడట. ఇంటివాళ్ళం, మమ్మల్ని ఒక్క మాట అడగలేదు. మంత్రం పిల్లకూ వినపడలేదు, పిల్లవాడికీ వినపడలేదు. సన్నాయి పెద్దాయన వాద్యాన్ని ఒళ్ళో పెట్టుకుని తల వంచుకుని కూర్చోవడం నేను చూశాను. డీజేకు మారుమాట లేకుండా 60 వేలు ఇచ్చిన మేము, మేళంవారు 18 వేలు అనగానే బేరమాడిన మాట కూడా దాచను. ఆ తప్పు మాదే.

సుముహూర్తాన అశుభపు మాట ఏదీ చెవిన పడకూడదనే కదా గట్టిమేళం, చప్పుడే కావలసినప్పుడు డీజే అయితే ఏమి అని మా బంధువుల కుర్రవాడు ఒకడు నన్ను అడిగాడు. అతడికి చెప్పిన సమాధానమే ఇక్కడా రాస్తున్నాను. మేళం పురోహితుడి చేతిని కనిపెట్టుకుని ఉంటుంది. చేయి లేస్తే డోలు ఉధృతమవుతుంది, చేయి దిగితే తగ్గి మంత్రానికి చోటిస్తుంది. మూడో ముడి బిగియడానికి ఆలస్యమైతే అంతసేపూ సాగుతుంది, ముందే పడితే అక్కడికే ముగుస్తుంది. రికార్డు చేసిన పాట తన నిడివి ప్రకారం తాను పోతుందే తప్ప, పీటల మీద ఏమి జరుగుతున్నదో దానికి పట్టదు. పూర్వం పెద్దలు మేళంవారిని ముందుగానే కూర్చోబెట్టుకుని, ఎదురుకోలుకు ఏది, తలంబ్రాలకు ఏది, త్యాగరాజస్వామి కురంజి రాగంలో చేసిన సీతాకల్యాణ కీర్తన ఎప్పుడు అని అడిగి మరీ వాయింపించుకునేవారు. ఇప్పుడు పువ్వుల రంగుకు మూడు సమావేశాలు పెట్టుకుంటున్నాం గాని, పాట ఎంపికను ఎవరో తెలియని ఆపరేటరుకు వదిలేస్తున్నాం.

ఈ విద్య మన ప్రాంతానికి పరాయిది కాదు. నాదస్వర విద్వాంసులు షేక్ చినమౌలానా సాహెబ్ గారు ఒంగోలు పక్కనున్న కరవదిలో పుట్టి, శ్రీరంగంలో స్థిరపడి, 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీవారి సంగీత కళానిధి అందుకున్నారు. ఆయన శిష్యులైన కాలీషాబీ, మహబూబ్ సుభానీ దంపతులకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు. తరతరాలుగా ముస్లిం కుటుంబాలూ నాయీబ్రాహ్మణ కుటుంబాలూ నిలబెట్టిన నాదస్వరం వినకుండా ఒకప్పుడు ఈ ప్రాంతంలో పెళ్ళి జరిగేది కాదు. ఈనాడు ఆ ఇళ్ళలోని పిల్లలు ముహూర్తాలు లేని నెలల్లో ఏమి తినాలో తెలియక వేరే పనులకు పోతున్నారు.

ఇక అధికారుల సంగతి. పెళ్ళిలో ఏ పాట పెట్టుకోవాలన్నది పెళ్ళివారి ఇష్టమే. 1957 నాటి కాపీరైటు చట్టం కూడా వివాహ వేడుకల్లో పాటలకు హక్కుదారుల అనుమతి అక్కర్లేదని మినహాయింపు ఇచ్చింది, 2023లో కేంద్రం ఆ మాటను మళ్ళీ స్పష్టం చేసింది. ఎంత మోతతో పెట్టుకోవాలన్నది మాత్రం ఎవరి ఇష్టమూ కాదు. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బహిరంగ ప్రదేశంలో లౌడ్ స్పీకరు పెట్టకూడదు. ఆసుపత్రులకూ బడులకూ న్యాయస్థానాలకూ చుట్టూ 100 మీటర్ల లోపల హద్దు ఇంకా తక్కువ. 2005లో సుప్రీంకోర్టు ఈ విషయంపై వివరమైన తీర్పే ఇచ్చింది. ఇన్ని ఉన్నా, మా వీధిలో రాత్రి పన్నెండున్నరకు బారాత్ ఆగి కిటికీ అద్దాలు అదురుతుంటే ఫోను చేసిన మాకు వచ్చిన జవాబు "పెళ్ళి కదమ్మా, సర్దుకోండి" అని. గుండె జబ్బుతో మంచాన ఉన్న మనిషి ఎలా సర్దుకోవాలో ఆ జవాబు ఇచ్చినవారు చెప్పలేదు. హాలుకు అనుమతి ఇచ్చేవారొకరు, మోతను కొలవవలసినవారొకరు, కేసు పెట్టవలసినవారొకరు కావడంతో ఎవరిని అడిగినా పక్క కార్యాలయం పేరు చెబుతున్నారు. 2024లో హైదరాబాదు పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించగలిగినప్పుడు, ఉన్న నియమాన్ని ఉన్నట్టు ఇక్కడ అమలు చేయడానికి అడ్డమేమిటి?

ప్రభుత్వం మేళాలను ఆదుకోవాలని అడుగుదామన్నా నోరు రావడం లేదు. మా వీధి చివరి గుడిలోనే హారతి వేళ మేళం పోయి, మీట నొక్కితే మోగే నగారా యంత్రం వచ్చి కూర్చుంది. దేవుడి దగ్గరే డోలు మోగనప్పుడు మండపాల్లో మోగాలని ఎవరిని నిలదీయాలి?

వచ్చే మాఘంలో మా ఇంట మరో పెళ్ళి ఉన్నది. ఆ మేళంవారినే అడిగిన మొత్తానికి మాట్లాడుకున్నాము. సన్నాయి పెద్దాయన ఇంటికి వచ్చి, ఏ ఘట్టానికి ఏది వాయించాలో మా పిల్లతో కూర్చుని కాగితం మీద రాయించి వెళ్ళారు. తెర పట్టినది మొదలు తలంబ్రాలు ముగిసేవరకు హాలులో స్పీకర్లన్నీ ఆపి ఉంచాలని ఈవెంటువారి ఒప్పందంలో రాయించి సంతకం తీసుకున్నాము.

ఒక పాఠకురాలు,
నరసరావుపేట, పల్నాడు జిల్లా.