మూర్తికి ఉత్తరం: పాత పుస్తకం, కొత్త ఉబుంటు

విజయవాడ,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ మూర్తీ,

నీ మెసేజ్ చూశాను. "విండోస్ 10కి అప్‌డేట్లు ఆపేశారట, నా లాప్‌టాప్‌కి 11 ఎక్కదట, పాత సామాన్లవాడికి వేసేయనా?" అని అడిగావు. వేయకు. ఈ మాట ఫోన్లోనే చెప్పొచ్చు గానీ, ఫోన్లో నువ్వు నన్ను ఎప్పుడు మాట్లాడనిచ్చావు కనక? అందుకే ఉత్తరం. భోంచేసి, తీరిగ్గా కూర్చుని చదువు.

నువ్వు విన్నది నిజమే. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్టు అయిపోయింది. అంటే మిషన్ ఆగిపోతుందని కాదు, పనిచేస్తూనే ఉంటుంది. కొత్తగా బయటపడే లోపాలకి సర్దుబాట్లు రావు, అంతే. విండోస్ 11 వేద్దామంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలంటారు, ఇంటెల్ అయితే దాదాపు ఎనిమిదో తరం ప్రాసెసర్ నుంచే ఒప్పుకుంటారు. నీది ఐదో తరం అని నువ్వే రాశావు. నాదీ అదే బాపతు. నేను విండోస్ తీసేసి, దాని బదులు ఉబుంటు అనే ఉచిత సిస్టమ్ వేసుకున్నాను. ఈ ఉత్తరం అందులోనే కొడుతున్నాను.

నీ రెండో ప్రశ్నే అసలు ప్రశ్న. "ఈ వయసులో కొత్త సిస్టమ్ అంటే కోర్సులో చేరాలా, పుస్తకం చాలా?" అని. పుస్తకం చాలు. అదీ పాతది చాలు. ఈ "పాతది" దగ్గరే నువ్వు నాతో తగాదాకి దిగుతావని తెలుసు కాబట్టి ఆ సంగతే ఎక్కువ రాస్తాను.

నా పుస్తకం లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల కొట్లో దొరికింది, పోటీ పరీక్షల గైడ్ల అడుగున. కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం రాసిన ఇంగ్లీషు పుస్తకం, ఉబుంటు 10.04 మీద. ఆ అంకెల్లో మర్మమేమీ లేదు, 2010వ సంవత్సరం, నాలుగో నెల. వెనకట్ట లోపల కవర్లో సీడీ కూడా ఉంది, ఆ కవర్‌ని ఇన్నేళ్లలో ఎవరూ చింపలేదు. కొట్టతను "దీన్నెవరూ అడగరు సార్, ఎంతో కొంత ఇచ్చి పట్టుకెళ్లండి" అన్నాడు. బేరమాడకుండా ఇచ్చాను. నువ్వు నమ్మవులే.

మా మేనల్లుడు దాన్ని చూసి తెగ నవ్వాడు. "మామయ్యా, కంప్యూటర్ పుస్తకం ఇంత పాతదా? యూట్యూబ్ ఉందిగా" అని. వీడియోల్లో చెప్పేవాడి మౌసు మన కంటికంటే ముందు పరిగెడుతుంది, ఆపి వెనక్కి తిప్పుకునేసరికి అసలు ఏం చేస్తున్నామో మర్చిపోతాం. పుస్తకం అలా కాదు, మనం వచ్చేదాకా అదే పేజీలో ఉంటుంది. పైగా ఉబుంటు వేసిన తొలిరోజు నాకు వైఫై రాలేదు. కొన్ని పాత కార్డులకి డ్రైవరు విడిగా దించుకోవాలి. నెట్టే లేనివాడికి యూట్యూబ్ ఎక్కడుంది? ఫోన్‌ని కేబుల్‌తో తగిలించి, ఫోన్ సెట్టింగుల్లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేసి, ఆ నెట్‌తో "అడిషనల్ డ్రైవర్స్"లోంచి దాన్ని దించాను. ఇది గుర్తుపెట్టుకో, నీకూ పనికి రావచ్చు.

సరే, పుస్తకం సంగతి. అందులో సగం బొమ్మలు, సగం నల్ల తెర. బొమ్మల సగం మొత్తం పాతబడిపోయింది. అప్పట్లో పైనొక పట్టీ, కిందొక పట్టీ ఉండేవట. ఇప్పుడు ఐకాన్ల వరస ఎడమవైపున నిలువునా ఉంది. పుస్తకం ఓపెన్ ఆఫీస్ గురించి చెప్తుంది, ఇప్పుడున్నది లిబ్రే ఆఫీస్. సీడీలో వేసి ఎక్కించమంటుంది. సీడీకి పట్టేది 700 ఎంబీ, నేను వేసుకున్న ఉబుంటు 24.04 దాదాపు 6 జీబీ. "ఇక్కడ నొక్కండి" అని బాణం గుర్తు వేసిన చోట ఇప్పుడు బటనే లేదు. ఆ పేజీలు చదవకు, గబగబా తిప్పేయ్.

నల్ల తెర సగం మాత్రం అచ్చులో ఎలా ఉందో అలాగే పనిచేస్తుంది! టెర్మినల్ తెరిచి అక్షరాలు కొట్టే భాగం అది. కొత్తవాళ్లందరూ భయపడి దాటేసేది అదే, పాతబడనిది కూడా అదే. ఎందుకంటావా, ఆ కమాండ్లు ఉబుంటువీ కావు, దాని పునాది అయిన లినక్స్‌వీ కావు. లినక్స్ 1991లో హెల్సింకీలో చదువుకుంటున్న లీనస్ టోర్వాల్డ్స్ అనే కుర్రాడు మొదలుపెట్టింది. కమాండ్లు అంతకంటే చాలా ముందువి, అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ వాళ్లు తయారుచేసిన సిస్టమ్ అయిన యూనిక్స్‌వి. 1971లో వేసిన యూనిక్స్ మొదటి మాన్యువల్లోనే ఫైళ్ల పేర్లు చూపే ఎల్ఎస్, నకలు తీసే సీపీ, చోటు మార్చే ఎంవీ, చెరిపేసే ఆర్ఎం, మాటలు లెక్కపెట్టే డబ్ల్యూసీ అన్నీ ఉన్నాయి. నాకు బాగా నచ్చిన ముక్క ఇంకోటి చెప్తాను. వాళ్లకి పెద్ద మిషన్ కొనడానికి డబ్బు పుట్టకపోతే, "మన పేటెంట్ల విభాగానికి దరఖాస్తులు టైపు చేసి పేజీలు తీర్చడానికి పనికొచ్చే సిస్టమ్ చేసిస్తాం" అని చెప్పి మిషన్ తెప్పించుకున్నారు. అంటే యూనిక్స్ జీతం తీసుకుని చేసిన మొదటి పని మన ప్రెస్సు పనేరా! ఈ సంగతి తెలిశాక నల్ల తెరంటే నాకు బెరుకు పోయింది.

ఒకటి రెండు మాత్రం మారాయి, అదీ చెప్పాలి. నెట్ వివరాలకి పుస్తకంలో ఇఫ్‌కాన్ఫిగ్ అని ఉంటుంది, ఇప్పుడు అది సిస్టమ్‌తో పాటు రాదు, దాని బదులు "ఐపీ ఏ" అని కొట్టాలి. సాఫ్ట్‌వేర్ దించుకోవడానికి ఆప్ట్-గెట్ అంటుంది, అది ఇంకా నడుస్తుంది, ఉత్త "ఆప్ట్" అన్నా చాలు.

చదివే పద్ధతి కూడా చెప్తాను. మొదటి అధ్యాయం చరిత్ర, స్వేచ్ఛ, తత్వం. దాటేయ్, తర్వాత ఎప్పుడైనా చదువుకోవచ్చు. నేరుగా ఫైళ్ల అధ్యాయానికి వెళ్లు. అక్కడ మనకి అలవాటైన సీ డ్రైవూ డీ డ్రైవూ ఉండవు. విండోస్‌లో అన్నదమ్ములు వేరుపడి ఎవరి వాకిలి వాళ్లు పెట్టుకున్నట్టుంటుంది, ఇక్కడ ఉమ్మడి ఇల్లు, ఒకటే వీధి గుమ్మం. ఆ గుమ్మం పేరు ఒక వాలుగీత, అంతే. పెన్‌డ్రైవ్ పెట్టినా ఆ గుమ్మంలోంచే లోపలికొచ్చి ఒక గదిలో కూర్చుంటుంది. నీ సామానంతా "హోమ్" కింద నీ పేరుతో ఉన్న గదిలో ఉంటుంది. ఎక్కడున్నావో తెలియకపోతే పీడబ్ల్యూడీ అని కొట్టు, చెప్తుంది. నాకైతే అది కొట్టినప్పుడల్లా మన పీడబ్ల్యూడీ గ్రౌండ్స్, పుస్తకాల పండగలో దుమ్ము, నువ్వు తినిపించిన మిరపకాయ బజ్జీలు గుర్తొస్తాయి. ఇప్పుడక్కడ అంబేద్కర్ విగ్రహం వచ్చింది, నువ్వు చూడలేదుగా.

పెద్దక్షరం చిన్నక్షరం తేడా కూడా పట్టించుకోవాలి. పెద్ద "డీ"తో ఒక ఫోల్డరూ, చిన్న "డీ"తో ఇంకో ఫోల్డరూ పక్కపక్కనే ఉండొచ్చు, రెండూ వేరు.

ఇక పుస్తకం చూసి కమాండ్లు కొట్టేటప్పుడు నా వృత్తి అక్కరకొచ్చింది. ఇన్నేళ్లు ప్రూఫులు దిద్దిన కన్ను కదా. ఎల్ఎస్ తర్వాత రెండు చిన్న గీతలు పెట్టి "ఆల్" అని కొడితే దాచిన ఫైళ్లతో సహా పేర్లన్నీ చూపిస్తుంది. నా పుస్తకంలో ఆ రెండు గీతల చోట ఒకే పొడుగు గీత పడింది. కంపోజింగ్‌లో సాఫ్ట్‌వేరే అందంగా ఉంటుందని అలా కలిపేస్తుంది, వర్డ్‌లో నువ్వూ చూసే ఉంటావు. మనం కీబోర్డులో దొరికే ఒక్క చిన్న గీత కొడతామనుకో, తప్పని కూడా చెప్పదు! ఏ, ఎల్, ఎల్ అని మూడు విడివిడి అక్షరాలుగా చదువుకుని, ఫైళ్ల సైజులు, తేదీలు అన్నీ కలిపి పెద్ద జాబితా పరుస్తుంది. తప్పు కొట్టినా పనిచేసినట్టే ఉంటుంది, అదే చిక్కు. అందుకని పుస్తకంలో పొడుగు గీత కనిపిస్తే అనుమానించు. వంకర కోట్స్ కనిపించినా అంతే, నల్ల తెరలో నిటారు కోట్స్ ఉండాలి. ఒకటి అంకెకీ చిన్న "ఎల్"కీ, సున్నాకీ "ఓ"కీ తేడా కూడా చూసుకో. ఒకే కమాండు పుస్తకంలో చోటు చాలక రెండో వరసలోకి జారితే, అక్కడ ఖాళీ ఉందా లేదా అన్నది ముందు తేల్చుకుని కొట్టు. అన్నిటికంటే ఆర్ఎం దగ్గర జాగ్రత్త. అది చెరిపేసినవి చెత్తబుట్టలోకి పోవు, పూర్తిగా పోతాయి.

ఇంకోటి. యజమాని హోదాలో పని చేయించడానికి "సుడో" అని మొదలయ్యే కమాండు కొడితే పాస్‌వర్డ్ అడుగుతుంది. నువ్వు కొడుతుంటే తెర మీద ఏమీ పడదు, చుక్కలు కూడా పడవు. మా ఆవిడ పక్కనుంచి చూసి "కీబోర్డు పోయినట్టుందండీ, బాగుచేసే కుర్రాణ్ణి పిలవండి" అంది. పోలేదు. అది అంతే, కనపడకుండానే తీసుకుంటుంది, పూర్తిగా కొట్టి ఎంటర్ నొక్కడమే. నా పుస్తకంలో ఈ ముక్క పేజీ అడుగున చిన్న గళ్లో ఉంది. ఆ చిన్న గళ్లు వదలకు, పుస్తకం ఖరీదంతా వాటిల్లోనే ఉంది.

ఇప్పుడు నాకు దక్కింది చెప్పనీ. గ్రెప్ అని ఒక కమాండు, 1973 నాటిది. పుస్తకంలో దానికి అరపేజీ కూడా ఇవ్వలేదు, నాకు మాత్రం అదే సగం పుస్తకం. మనవాళ్లు "ఉద్దేశం"లో దకి ధ ఒత్తు పెట్టి "ఉద్ధేశం" అని కొడతారు కదా, దిద్దీ దిద్దీ నా వేళ్లు అరిగాయి. ఒక ఫోల్డర్లో అధ్యాయాలన్నీ పడేసి, గ్రెప్‌కి ఒక చిన్న గీత, చిన్న "ఎన్" జోడించి ఆ తప్పు మాట ఇస్తే ఏ ఫైల్లో, ఎన్నో వరసలో ఉందో ఆ వరసతో సహా చూపించింది, అదీ రెప్పపాటులో. ఒక్క షరతు, అవి ఫోన్లలో, నెట్లో తెలుగు రాసే యూనికోడ్‌లో ఉన్న మామూలు టెక్స్ట్ ఫైళ్లయి ఉండాలి. వర్డ్ ఫైళ్లలోకి అది తొంగిచూడదు.

డబ్ల్యూసీ కూడా సరదాగా ఉంటుంది, మాటలు లెక్కపెడుతుంది. "అమ్మ" అని ఇచ్చి అక్షరాలెన్ని అంటే 4 అంది. మన కంటికి రెండే. దానికి అ, మ, పొల్లు, మళ్లీ మ. బైట్లు ఎన్ని అంటే 12, తెలుగులో ఒక్కో గుర్తుకీ మూడేసి పడతాయి కాబట్టి. అక్షరానికింత అని కూలి కట్టేవాళ్లు ఎవరైనా ఉంటే ఈ లెక్క చూపించి రెట్టింపు అడగాలనిపించింది!

తెలుగు టైపింగ్ గురించి నీకు బెంగ ఉంటుంది, డీటీపీ రోజుల నుంచీ నీ వేళ్లకి యాపిల్ అనే కీబోర్డు అమరికే కదా అలవాటు. అది దొరుకుతుంది. ఐబస్-ఎం17ఎన్ అనే ప్యాకేజీ వేసుకుని, ఒకసారి లాగవుట్ అయి వచ్చి, సెట్టింగుల్లో కీబోర్డు దగ్గర ప్లస్ గుర్తు నొక్కితే తెలుగు కింద యాపిల్, ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్ అన్నీ కనిపిస్తాయి. ఒత్తుల దగ్గర మొదట్లో కొంచెం తడబడతావు, తర్వాత వేళ్లే సర్దుకుంటాయి.

ఇది అన్నిటికీ మందని మాత్రం నేను చెప్పను. ప్రెస్సులో నేను ఇప్పటికీ విండోస్ మీదే కూర్చుంటాను. పేజ్‌మేకరూ "అను" అనే తెలుగు ఫాంట్లూ లేకుండా మన ఊళ్లో పెళ్లికార్డు కూడా బయటికి రాదు. అవి ఉబుంటులో నడవవు, ఆ ఫాంట్లు యూనికోడూ కావు. నడిపించే అడ్డదారులు ఉన్నాయంటారు గానీ డెడ్‌లైన్ నెత్తిమీద పెట్టుకుని అడ్డదారులు నాకొద్దు. మీ తమ్ముడు నీ లాప్‌టాప్‌లో టాలీ లెక్కలు రాసుకుంటూ ఉంటే, ముందు వాడికి వేరే ఏర్పాటు చూడు. నెట్, మెయిల్, ఫోటోలు, ఉత్తరాలు, పాత పాటలు, ఇంతే నీ అవసరమైతే ఉబుంటు నీకు బోలెడు.

వేసేముందు ఫోటోలూ కాగితాలూ అన్నీ ఒక బయటి డిస్కులోకి ఎక్కించుకో. మొహమాటపడి మీ అబ్బాయికి చెప్పకుండా ఉండకు, వాడి పాత ప్రాజెక్టులేవో అందులోనే ఉంటాయి. ఆ తర్వాత పెన్‌డ్రైవ్ నుంచి మొదలుపెట్టి, "ట్రై" అన్నది ఎంచుకుంటే హార్డ్ డిస్కుని ముట్టుకోకుండానే ఉబుంటు నడుస్తుంది. వైఫై, సౌండు, కెమెరా అన్నీ వస్తున్నాయో లేదో అక్కడే చూసుకుని, నచ్చితేనే ఇన్‌స్టాల్ చెయ్యి. ర్యామ్ 4 జీబీ, డిస్కులో 25 జీబీ ఖాళీ ఉండాలి. ర్యామ్ అంతకంటే తక్కువుంటే తేలికపాటి రకాలు వేరే ఉన్నాయి, అవి చూద్దాం.

లాప్‌టాప్ అడుగునున్న స్టిక్కర్ ఫోటో తీసి పంపు, మోడల్ నంబరు కనపడేలా. ర్యామ్ ఎంతో కూడా రాయి. పెన్‌డ్రైవ్ నేనే తయారుచేసి వచ్చే నెల పెళ్లికి వచ్చినప్పుడు చేతికిస్తాను. పుస్తకం మాత్రం ఇవ్వను, మార్జిన్లనిండా నా దిద్దుబాట్లున్నాయి. పెళ్లికి ఒకరోజు ముందే దిగు, లెనిన్ సెంటర్‌కి వెళ్లి నీకూ ఒకటి వెతుకుదాం.

నీ
గోపి